గవర్రాజు ఇంటి విమానం

మునగలంకలో తెలివైనవాళ్ళెవరని అడిగితే గవర్రాజు ఇంట్లో ముగ్గురూ ముందుగా చేతులెత్తుతారు. మిగతా ఊరు చేతులెత్తదు, నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

ఆ ఇంటి తెలివి ఎలాంటిదో తెలియాలంటే ప్రహరీగోడ సంగతి ఒక్కటి చాలు. సిమెంటు బస్తా మీద "తడి తగలనివ్వరాదు" అని రాసి ఉంది. గవర్రాజు కూడబలుక్కుని చదివాడు. అంతే, చుక్క నీళ్ళు కలపకుండా ఇటికల మధ్య పొడి సిమెంటు చల్లించి నిలువెత్తు గోడ లేపాడు. ఒక దూడ వీపు గోక్కోడానికి వచ్చి ఆనుకుంది. గోడ పడుకుంది.

"గోడ పోతే పోయింది, సిమెంటుకి తడి తగిలిందేమో చూడు," అన్నాడు గవర్రాజు.

"మీరుండగా ఎలా తగులుద్దండీ," అంది అతని భార్య అచ్చాయమ్మ.

ఆవిడ మొగుడి తెలివికి రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే రకం. ఇంట్లో మూడోవాడు గవర్రాజు తమ్ముడు తాతబ్బాయి. అతనికి పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇలా ఉండగా అచ్చాయమ్మ ఆఖరి చెల్లెలు నూకరత్నానికి పెళ్ళి కుదిరింది. తల్లి చనిపోతే ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది అచ్చాయమ్మే. పెళ్ళి గోదావరికి అవతలి ఒడ్డున, తాటిరేవులో, పుట్టింట్లోనే. మాఘమాసం, గురువారం, పగలు పదకొండు ముప్పావుకి ముహూర్తం. పుట్టింటివారి పుస్తె అక్కే చేయించింది. అది తీసుకుని తను వేళకి చేరాలి, చెల్లెలి మెడలో అది పడుతుంటే కళ్ళారా చూడాలి. అచ్చాయమ్మకి ఈ లోకంలో అంతకు మించి కోరిక లేదు.

తాటిరేవు ఇక్కణ్ణించి కనిపిస్తుంది. రేవులో పంటు, అదే పెద్ద బల్లకట్టు, ఎక్కితే పది నిమిషాలు. కార్లూ ట్రాక్టర్లూ కూడా పంటు మీదే దాటతాయి. బుద్ధున్నవాడెవడైనా పంటెక్కుతాడు. గవర్రాజుకి ఉన్నది బుద్ధి కాదు కదా, తెలివి. క్రితంసారి శుభకార్యానికి అతని తోడల్లుడు కారులో దిగితే అందరూ లేచి నిలబడ్డారు. పంటు దిగి నడిచొచ్చిన గవర్రాజుకి కుర్చీ వేసినవాడు లేడు. ఆ మంట అతని కడుపులో అలాగే ఉంది.

"ఈసారి నేను ఆకాశంలోంచి దిగుతాను. ఏం వేస్తారో చూద్దాం, కుర్చీయో, మంచమో," అన్నాడు.

డబ్బు కడితే విమానం విడి భాగాలు పంపిస్తారనీ, ఇంట్లోనే బిగించుకోవచ్చనీ తాతబ్బాయి ఎక్కడో చదివాడు. ఇంకేముంది, రెండెకరాల కొబ్బరితోట చేతులు మారింది, కార్తీకమాసంలో గుమ్మం ముందు ఆరు పెట్టెలు దిగాయి. వాటితోపాటు ఒక పుస్తకం, సందేహాలొస్తే అడగడానికి కామేశం గారనే కంపెనీ మనిషి ఫోను నంబరు వచ్చాయి.

పుస్తకంలో మొదటి మాట: "పని జరుగుచున్నంతసేపు ఈ పుస్తకమును చేతియందు ఉంచుకొనవలెను."

గవర్రాజు ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని, కుడిచేత్తో మర తిప్పడం మొదలెట్టాడు. మరి తాతబ్బాయి చేతిలో పుస్తకమేదీ? అది లేకుండా అతను పని చెయ్యకూడదు. రెండురోజులు తల బద్దలుకొట్టుకుని, పుస్తకాన్ని నడిమికి చింపి చెరిసగం పట్టుకున్నారు. ముందు సగం అన్నకి, వెనక సగం తమ్ముడికి. అంతే, అన్న ముక్కు దగ్గర్నించీ మొదలెట్టాడు, తమ్ముడు తోక దగ్గర్నించీ మొదలెట్టాడు. మధ్యలో ఇద్దరూ కలుసుకున్నరోజు నాలుగు మరలు మిగిలాయి.

"మిగిలాయంటే మనం పొదుపుగా చేశామన్నమాట," అన్నాడు తాతబ్బాయి.

అచ్చాయమ్మ ఆ నాలుగింటినీ పోపులపెట్టెలో దాచింది.

"దుమ్ము తగలకుండా ఇంటి లోపల బిగించవలెను" అని ఇంకో మాట ఉంది. అందుకని నట్టింట్లో బిగించారు. తోక వంటింట్లోకి వచ్చింది. అచ్చాయమ్మ దానికి పెరుగు ఉట్టి తగిలించుకుని, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒక వస్తువు నాకూ పనికొచ్చిందనుకుంది. రెక్కలకి గది చాలలేదు. ఒక రెక్క తూర్పు కిటికీలోంచి, ఒకటి పడమటి కిటికీలోంచి బయటికి తోసి, మరలు బిర్రుగా బిగించేశారు. కాకులు వచ్చి వాలాయి. ఊరు చూడ్డానికొచ్చింది. గవర్రాజు అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"బాగానే ఉంది గానండి, బయటికెలా తీస్తారు?" అని అడిగాడు ట్రాక్టరు అబ్బులు.

"రెక్కలు విప్పి తీస్తాం."

"ఒకసారి బిగించిన మరను విప్పరాదని నా సగంలో ఉంది అన్నియ్యా," అన్నాడు తాతబ్బాయి.

ముగ్గురూ పుస్తకమంతా వెతికారు. మరలు విప్పకూడదని ఉంది గాని, గోడలు విప్పకూడదని ఎక్కడా లేదు. ఇంకేముంది, గునపాలు తెచ్చారు. తూర్పుగోడ పోయింది, పడమటిగోడ పోయింది, వీధిగోడ పోయింది. తాతల నాటి ఇల్లు నాలుగు స్తంభాల మీద నిలబడి దిక్కులు చూసింది. అచ్చాయమ్మ దేవుడి పటాలు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత చెల్లెలి పెళ్ళి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళి వారంలో పడింది. గవర్రాజు కామేశం గారికి ఫోను చేశాడు.

"నేనొచ్చి చూసేదాకా ఎగరకండి బాబూ. ఈలోగా బరువు తగ్గించే పని చూడండి. గాల్లో పనికిరాని సరుకు ఒక్కటి కూడా ఉంచకండి," అన్నాడాయన.

గవర్రాజు విమానం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు, ఏదీ తట్టలేదు. అచ్చాయమ్మకి తట్టింది.

"ఏవండీ, గాల్లో రోడ్డుంటదా?"

"ఉండదు."

"మరి చక్రాలెందుకండీ?"

గవర్రాజు భార్య వంక తేరిపార చూశాడు. "నా పక్కన ఉండగా ఉండగా నీకూ అబ్బిందే," అన్నాడు. అచ్చాయమ్మ సిగ్గుపడింది. పెళ్ళైన ఇరవైరెండేళ్ళలో మొగుడు మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకున్న పని చూస్తే ఇది. చక్రాలు పశువుల పాకలోకి వెళ్ళిపోయాయి.

గురువారం తెల్లవారింది. కామేశం గారు శుక్రవారం గాని రాలేనన్నాడు. ముహూర్తం శుక్రవారం దాకా ఆగదు కదా. సరే, అబ్బులు పదిమందిని పెట్టి విమానాన్ని ట్రాక్టరు తొట్టి మీదికి ఎత్తించాడు. కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. ఈ బండికి చక్రాల్లేవు. అయినా ఆనవాయితీ తప్పుతారా? పాకలోంచి చక్రాలు తెచ్చారు, ఒక్కో నిమ్మకాయ మీదా చేతులతో దొర్లించారు, బొట్టు పెట్టారు, దణ్ణం పెట్టారు. మళ్ళీ తీసుకెళ్ళి పాకలోనే పెట్టేశారు. ఇంతలో తాతబ్బాయికి అనుమానమొచ్చింది. ముగ్గురు కలిసి బయల్దేరకూడదు, బయల్దేరితే నాలుగోదిగా ఒక రాయినైనా వెంట తీసుకెళ్ళాలి. అంతే, బరువని చక్రాలు పీకిన విమానంలోకి రుబ్బురోలు ఎక్కింది.

"అది గాల్లో పనికొస్తుందంటారా?" అన్నాడు అబ్బులు.

"శకునం గాల్లో మాత్రం ఉండదేంట్రా," అని కసిరాడు గవర్రాజు.

విమానంలో నాలుగు సీట్లు. ముందు అన్నదమ్ములిద్దరూ, తాతబ్బాయి కాళ్ళ దగ్గర రుబ్బురోలు, వెనక సీట్లో పట్టుచీర కట్టుకుని అచ్చాయమ్మ. కొంగున పుస్తె, పళ్ళెంలో అక్షింతలు. పక్కసీటు ఖాళీ. తాతబ్బాయి తన సగం విప్పి పైకి చదివాడు. "కూర్చున్నవారు వెంటనే నడుము బెల్టు పెట్టుకొనవలెను. విమానము ఎగిరి, తిరిగి నేల మీద వాలువరకు బెల్టు విప్పరాదు. చేతులు బయట పెట్టరాదు."

పెట్టుకున్నారు. అబ్బులు తొట్టిని రేవు ఇసకలోకి లాక్కెళ్ళాక ఇంజను గర్రుమంది. తొట్టి ఊగింది, ఇసక లేచింది, అబ్బులు తలపాగా ఎగిరిపోయింది. విమానం మాత్రం ఎగరలేదు. పదిన్నర అయింది. అచ్చాయమ్మ కొంగున పుస్తె తడుముకుంది.

"ఏవండీ, పుస్తె అందకపోతే నా చెల్లెలు ఏమైపోద్దండీ?"

"ఇక్కడ గాలి చచ్చిందండి. అవతలొడ్డున బాగుంటది. పంటు మీద దాటించేస్తాను, అక్కడ ఎగురుదురుగాని," అన్నాడు అబ్బులు. వాడికి ఇది ఎలాగోలా తన తొట్టి దిగితే చాలు. పంటు మీదికి లాక్కెళ్ళి, మనుషుల చేత విమానాన్ని కిందికి దింపించి, ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పది నిమిషాల్లో తాటిరేవు వచ్చేసింది. పందిరి కనిపిస్తోంది, సన్నాయి వినిపిస్తోంది. జనమంతా దిగారు. వీళ్ళు దిగలేదు.

"దిగండమ్మా, పెళ్ళి అదిగో," అన్నాడు పంటు నడిపే సరంగు.

"ఎలా దిగుతాం? ఎగిరి వాలాక గాని బెల్టు విప్పకూడదు. మేమింకా ఎగరలేదు," అన్నాడు గవర్రాజు.

సరంగు ఒకసారి ఆకాశం వంక, ఒకసారి గవర్రాజు వంక చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదేకంటే పంటు నడుపుకోవడం మేలనుకుని ఇవతలొడ్డుకి తిప్పాడు. అచ్చాయమ్మకి పందిరి దూరమైపోయింది. నోట్లో కొంగు కుక్కుకుంది. మళ్ళీ జనం ఎక్కారు, మళ్ళీ తాటిరేవు వచ్చింది, మళ్ళీ పందిరి కనిపించింది. పదకొండున్నర. ఈసారి రేవులో పెళ్ళికూతురి బాబాయి పేరయ్య నిలబడి ఉన్నాడు.

"అమ్మా అచ్చాయమ్మా, నువ్వు దిగకపోతే మానె. పుస్తె ఇలా నా చేతికియ్యి."

"పుస్తె నా చేత్తో చెల్లెలి చేతిలోనే పెట్టాలని పంతులు గారు చెప్పారు బాబాయ్. నీ చేతిలో పెడితే నువ్వు చెల్లెలివా?"

పేరయ్య నెత్తి కొట్టుకుని పరిగెత్తాడు. పీటల మీంచి పెళ్ళికూతుర్నే లేపి తీసుకొచ్చాడు. నుదుట బాసికం, బుగ్గన చుక్క, పాదాలకి పారాణి, నూకరత్నం పంటు ఎక్కి విమానం పక్కన నిలబడి చెయ్యి చాపింది.

"ఇయ్యక్కా."

"చెయ్యి బయట పెట్టకూడదే. నువ్వే లోపలికి రా."

నూకరత్నం కూడా ఆ తల్లి కడుపునే పుట్టింది. పట్టుచీర ఎగదోపుకుని లోపలికెక్కి ఖాళీసీట్లో కూర్చుంది. అచ్చాయమ్మ పుస్తె తీసి దాని చేతిలో పెట్టి, బుగ్గలు నిమిరి, పిల్ల ఎక్కడ పడిపోతుందోనని ప్రేమగా బెల్టు పెట్టేసింది.

"అయిందా? ఇంక దిగి రామ్మా, వేళ మించిపోతోంది," అన్నాడు పేరయ్య ఒడ్డునించి.

నూకరత్నం బెల్టు వంక చూసుకుంది. అక్క వంక చూసింది. "వాలందే ఎలా దిగుతాను బాబాయ్?" అంది.

ఇంకేముంది, మునగలంక రేవులో జనం కేకలేస్తున్నారని సరంగు పంటు తిప్పేశాడు. ఒడ్డున పేరయ్య అలాగే చతికిలబడ్డాడు. పందిట్లో మేళగాళ్ళు గడియారం చూసుకున్నారు. పదకొండు ముప్పావు. ముహూర్తం దాటకూడదని గట్టిమేళం వాయించేశారు.

నడిగోదావరిలో ఆ మేళం చెవిన పడగానే అచ్చాయమ్మ చెల్లెలి తల మీద గుప్పెడు అక్షింతలు పోసింది. ఆవిడకి దుఃఖం, సంతోషం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "వేళకి అందించాను తల్లీ. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో," అని కావిలించుకుంది.

"పెళ్ళయిపోయినట్టేనా అక్కా?"

"మేళం వినపళ్ళేదుటే?"

నూకరత్నం పుస్తె గుప్పిట్లో పట్టుకుని తల వంచుకుంది. సిగ్గుపడుతూ అడిగింది.

"మరి ఆయనేరక్కా?"

గవర్రాజు వెనక్కి తిరిగి సీట్లు లెక్కపెట్టాడు. నాలుగూ నిండి ఉన్నాయి.

"చోటేదమ్మా ఇంక," అన్నాడు. "ఆయన్ని వెనకాల ఏ బస్సులోనో రమ్మను."