పోలక్క మూడో కట్ట

అనగనగా, మన ఊళ్లు కాగితం మొహం చూడని కాలం. పిల్లలు ముందు ఇసుకలో దిద్దేవారు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటంతో గీసి రాసేవారు. ఇసుకలో దిద్దడం దాటి, పురాణం చదివేదాకా ఇంకా రాని నడిమి పిల్లలు మా బడిలో పన్నెండుమంది.

మా ఊళ్లోనే పోలక్క అని ఒక ముసలమ్మ. తాటాకుల్ని పెద్ద కాగులో పసుపునీళ్లు పోసి ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి ఇవ్వడం ఆమె పని. చదువు రాదు. ఆకు మంచిదో కాదో మాత్రం వేలితో తడిమి చెప్పేది.

ఏటా ఊరిపెద్ద రంగప్ప ఆకులు ఏరేవాడు. మొదటి కట్ట తన ఇంటికి. రెండో కట్ట గుడికి. ముదురాకూ పురుగు తొలిచిన ఆకూ మూడో కట్ట. అది నడిమి పిల్లలకు.

గంటం ఆనిస్తే చాలు, ఆకు చీలేది. చీలిందని పంతులు బెత్తం తీసేవాడు. ఆకు చీలింది, అరచెయ్యి కమిలింది. పన్నెండుమంది ఏడుగురయ్యారు.

పోలక్క పంతులు దగ్గరికి పోయింది.

"బాబూ, తప్పు చేతిది కాదు, ఆకుది."

"నీ కాగు సంగతి నువ్వు చూసుకో అవ్వా. బెత్తం సంగతి నేను చూసుకుంటా."

ఆకు చీలింది, అరచెయ్యి కమిలింది. ఏడుగురు ముగ్గురయ్యారు.

పోలక్క రంగప్ప దగ్గరికి పోయింది.

"అయ్యా, మంచి ఆకు పిల్లలకిప్పించండి."

"నేర్చుకునే చేతికి ఏ ఆకైతేనేం? పేడ పిసకడానికి పట్టుచీర కడతారటే?"

ఆకు చీలింది, అరచెయ్యి కమిలింది. ఈసారి ఆ చెయ్యి పోలక్క మనవడు వీరన్నది. గంటం తెచ్చి అవ్వ ఒళ్లో పడేశాడు. "రేపట్నుంచి గొర్రెల వెంట పోతానే."

మర్నాడే ఆకులేరే రోజు. ఊరంతా ఉంది. పోలక్క మూడో కట్ట విప్పి రంగప్ప ముందు పెట్టింది.

"రాయండయ్యా. ఎక్కువొద్దు. మీ పేరు."

అందరూ చూస్తుంటే కాదనలేకపోయాడు. మొదటి ఆకు పీచు వెంట చీలింది. రెండోది పురుగు బొక్క దగ్గర విరిగింది. మూడోది చేతిలోనే పొడైంది.

పోలక్క బెత్తం తీసి పంతులు చేతికిచ్చింది. "ఆకు చీలింది బాబూ. అరచెయ్యి అదిగో. కొట్టు."

పంతులు తల దించుకున్నాడు. రంగప్ప లేచి ఆమె కాగును కాలితో తన్నాడు. "దీని పొయ్యి మళ్లీ వెలగడానికి వీల్లేదు."

అప్పుడు ఆకు కొయ్యడానికి తాటిచెట్లెక్కేవాళ్లు నడుముకు కట్టుకున్న మోకులు విప్పి కింద పడేశారు. "మొదటి కట్ట బడికన్నప్పుడే ఎక్కుతాం."

మూడు రోజులు ఏ చెట్టూ ఎవరూ ఎక్కలేదు. నాలుగో రోజు రంగప్ప దిగొచ్చాడు. పిల్లలు పన్నెండుమందీ బడికొచ్చారు. కానీ పోలక్క పొయ్యి మాత్రం వెలిగించనివ్వలేదు. ఆ వానల్లోనే ఆమె పోయింది. చేసే పని చేతికి లేకుండా చేసి చంపారు ఆమెను. ఈ మాట దేవుడి ముందైనా ఇలాగే చెప్తాను.

ఇప్పటికీ మా వైపు బడికి పుస్తకాలు ఎవరు తెచ్చినా, ముందు వాళ్ల పేరు వాళ్ల చేతే వాటిలో రాయిస్తారు. "పోలక్క చూస్తోంది, రాయండి" అంటారు. సిరా పాకినా కాగితం చిరిగినా కట్ట వెనక్కే.

మొన్న పుస్తకాల కట్ట తెచ్చినాయన ఒకడు నవ్వుతూ అన్నాడు, "పిల్లలకే కదమ్మా, ఇవి చాల్లే."

కలం ఆయన చేతిలో పెట్టి కూర్చున్నాం. సాయంత్రానికి కట్ట మళ్లీ బండెక్కించుకుని పోయాడు.