కర్రపెండలం చేనుకు అవతల

యెషయా అయ్యగారి దగ్గరికి ఎవరైనా ప్రశ్నతో వస్తే ముందు ఎదురుగా కూర్చోమనేవారు. నిలబడి అడిగినదానికి ఆయన జవాబు చెప్పినట్టు మాలో ఎవరికీ గుర్తు లేదు. భీమవరం దగ్గర మా బైబిలు శిక్షణాలయంలో ఆయన దగ్గరే చదువుకున్న తబిత, సువార్త పని మీద మొదటిసారి విదేశం వెళ్లబోతూ ఒక సాయంత్రం వచ్చి ఆయన ముందు కూర్చుంది.

“అయ్యగారూ, పనిలో ఉన్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంటుంది. విశ్రాంతి దినాన ఊరికే కూర్చుంటే మాత్రం ఎక్కడలేని భయం పట్టుకుంటుంది. అంత భయపెట్టేది విశ్రాంతి ఎలా అవుతుంది?”

అయ్యగారు వాక్యమేదీ ఎత్తలేదు. కంబోడియా వెళ్లినప్పుడు తన జట్టులో ఉన్న జెకర్యా సంగతి చెప్పారు.

జెకర్యా రేపల్లె వైపు మనిషి. వడ్రంగం తెలిసిన సువార్తికుడు. సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ప్రార్థన గుడి పైకప్పు బాగుచేయడానికి వెళ్లారు వాళ్లు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా సుత్తి దింపేవాడు కాదట జెకర్యా. వారం చివర అక్కడి పాస్టరు అందరినీ పని మానేసి పడుకోమన్నాడు. “వాకిట్లోనో, దారి మీదో ఉండండి. కర్రపెండలం చేను దాటి మాత్రం వెళ్లకండి. యుద్ధంనాటి మందుపాతరలు ఇంకా తీయలేదు” అని హెచ్చరించాడు.

మిగతావాళ్లు చాపలు పరుచుకుని వాలారు. జెకర్యా కాసేపు పడుకుని లేచాడు. వాకిలి ఊడ్చాడు. నీళ్లు తోడాడు. చేయడానికి ఇంకేమీ మిగలక, పొయ్యిలోకి పుల్లలు ఏరుకొస్తానని చేను గట్టు వెంట వెళ్లాడు. వానలకు హద్దు బోర్డు ఎప్పుడో గడ్డిలో పడిపోయింది; చేను ఎక్కడ అయిపోయిందో అతను చూసుకోలేదు. ఎండుకొమ్మ తీయబోయి వంగి, వెనక్కి చూసేసరికి ఆ బోర్డు కనిపించింది. దాని మీద పుర్రె బొమ్మ. తను దాన్ని దాటి లోపలికి వచ్చేశాడు.

కేక విని అందరూ పరుగెత్తారు. పాస్టరు భార్య చంత చేయి అడ్డం పెట్టి చేను చివరి సాలు దగ్గర అందరినీ ఆపింది. పాస్టరు మందుపాతరలు తీసేవాళ్లను పిలుచుకురావడానికి మోటారుసైకిలు మీద వెళ్లాడు. వాళ్ల శిబిరం దగ్గర్లో లేదు.

“నా అడుగుల్లోనే వెనక్కి వచ్చేస్తాను” అని జెకర్యా కాలెత్తాడు.

చంత అరిచిన అరుపుకు అతని కాలు గాలిలోనే ఆగిపోయింది. తొక్కిన గడ్డి మళ్లీ లేచి నిలబడింది. వచ్చిన అడుగులు ఎక్కడా కనబడటం లేదు. ఎత్తిన కాలు ఎత్తినచోటే మెల్లగా దించాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. చంత గొడుగు కూడా లేకుండా ఆ సాలు మీదే కూర్చుంది. అయ్యగారూ ఆమె పక్కన కూర్చున్నారు. జెకర్యా మొదట గట్టిగా ప్రార్థన చేశాడు. గొంతు బొంగురుపోయాక ఆపేశాడు. ఉన్నట్టుండి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు. “అయ్యగారూ, ఇక్కడే ఒక కాలు పోతే నేనెందుకు పనికొస్తాను? చిన్నప్పటి నుంచీ నాకిదే భయం. పని చేయనివాణ్ని మా ఇంట్లోనే ఎవరూ ఉంచుకోలేదు. దేవుడు ఉంచుకుంటాడా?”

“ఏమంటున్నాడు?” అని చంత తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో అడిగింది. అయ్యగారు చెప్పారు. తన అన్న ఇలాంటి నేలలోనే పోయాడని ఆమె చెప్పింది ఆ తరవాతెప్పుడో. అప్పుడు మాత్రం ఇంతే అంది:

“ఈ పూట మాకు అతను చేసే పనేమీ అక్కర్లేదని చెప్పండి. అలా నిలబడి ఉంటే చాలు.”

అయ్యగారు ఆ మాట తెలుగులో గట్టిగా చెప్పారు. జెకర్యా చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న పుల్లలను గుండెకు అదుముకుని ఏడ్చాడు. కానీ కదల్లేదు.

పొద్దు వాలుతుండగా మందుపాతరలు తీసేవాళ్లు వచ్చారు. జానెడు జానెడు నేల వెతుక్కుంటూ ముందుకు వెళ్లారు. ఒకచోట ఆగి, తమలో తాము ఏదో అనుకుని, ఆ చోటు తప్పించి చుట్టూ తిరిగి ముందుకెళ్లారు. అక్కడ ఏముందో జెకర్యా అడగలేదు. ఒకతను అతని మోచేయి పట్టుకుని, చిన్నపిల్లాణ్ని నడిపించినట్టు గట్టు మీదికి తీసుకొచ్చాడు.

ఇంతవరకు చెప్పి అయ్యగారు ఆపారు. తబిత కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది: “తరవాత ఆయన భయం పోయిందా, అయ్యగారూ?”

“లేదమ్మా. ఆ సాయంత్రం వణుకుతూనే అన్నం తిన్నాడు. గుడి కప్పు పని ఇంకా సగం అలాగే ఉంది. దానివైపు ఒకసారి చూసి, వణుకుతూనే చాప మీద వాలాడు. కాసేపటికి గురక వినిపించింది.”