గోడకెక్కిన పులిజూదం

ఒకానొక రాజ్యాన్ని రణభీమరాజు ఏలేవాడు. యుద్ధాల సంగతి మనకెందుకు గానీ, పులిజూదంలో ఆయన పన్నెండేళ్ళుగా ఓడలేదు. ఆట కట్టుబాట్లు, పాత ఆటల ఎత్తులు అన్నీ సంస్కృతంలో, తాటాకుల మీద, ఆస్థాన పండితుడు అనంతభొట్లు చంకలో ఉండేవి. స్నానానికి వెళ్ళినా ఆ కట్ట దింపడని ఆయన భార్యే చెప్పింది.

రాజును గెలిస్తే కోరిన వరం దక్కుతుంది. ఆ మాట విని మేకల కాపరి ఓదెమ్మ కోటకొచ్చింది. వానల్లేక ఆమె గూడెంలో మేకలు ఎండిపోతున్నాయి. రాజు వేటకని మూయించిన నల్లగుట్ట మీద మోకాలెత్తు గడ్డి ఉంది. అక్కడ మేపుకోనిస్తే చాలు.

రాజు మూడు పులులు నడిపాడు. వాటిని కదలనీకుండా కట్టెయ్యడానికి ఓదెమ్మ మేకలు పెట్టింది. మేకల సంగతి ఆమెకొకరు చెప్పాలా? రెండు పులులు కదల్లేకపోయాయి. ఇంకొక్క మేక పెడితే మూడోదీ అంతే. పెట్టింది.

భొట్లు కట్ట విప్పాడు. “ఎడమచేత్తో పెట్టావు. ముప్పై ఒకటో కట్టుబాటు ప్రకారం ఓడిపోయావు.”

“ముందే చెప్పొద్దా సామీ?”

“నువ్వు అడగలేదుగా.”

“ఉందని తెలిస్తే గదా అడగడానికి!”

రాజు మీసం దువ్వుకున్నాడు. ఓదెమ్మ కళ్ళొత్తుకుంటూ బయటికొచ్చింది. వెనకే గవరయ్య వచ్చాడు. ఆస్థానంలో పని తక్కువ, నోరెక్కువ ఉన్న మనిషి.

“అక్కా, పున్నమికి మళ్ళీ ఆట ఉంది. అందాకా మా ఇంట్లో ఉండు. రేపు కాస్త వడ్డన సాయం చెయ్యి.”

మర్నాడు గవరయ్య ఇంటికి రాజూ, భొట్లూ భోజనానికి వచ్చారు. రాజు పప్పు కలిపాడో లేదో గవరయ్య ఒక తాటాకుల కట్ట తీశాడు.

“మా ఇంటి ఆచారం, తొమ్మిదో ఆకు. పప్పు ముందు కలిపితే విస్తరి ఎత్తెయ్యాలి. అక్కా, ఎత్తెయ్యి.”

రాజుగారి విస్తరి అని ఓదెమ్మ జంకింది. అయినా ఎత్తేసింది. కొత్త విస్తరి వేస్తే రాజు జాగ్రత్తగా బూరె తీసుకున్నాడు. పదో ఆకు ప్రకారం అదీ లేచిపోయింది. భొట్లు పాయసం ముట్టుకున్నాడు. పన్నెండో ఆకు.

“ఆకలితో చంపుతావా? ఇవన్నీ ముందే చెప్పొద్దటయ్యా!” రాజు అరిచాడు.

“తమరు అడగలేదు ప్రభూ.”

“ఉన్నాయని తెలిస్తే గదా అడగ...”

రాజు ఆగాడు. ఓదెమ్మ వైపు చూశాడు. ఆమె గరిటె వైపు చూసుకుంది. ఆయనకు నవ్వాగలేదు.

“నిన్న ఈమె మాట, ఇవాళ నా నోట! ఏం కావాలయ్యా నీకు?”

“ముందు అన్నం తినండి. తర్వాత కోటగోడ ఇప్పించండి.”

కట్టుబాట్లూ పాత ఆటలూ వాడుక తెలుగులో గోడకెక్కాయి. చదువురానివాళ్ళకు బొమ్మలు వేశారు. చంక ఖాళీ అయ్యాక భొట్లు చేతులూపుతూ నడవడం కొత్తగా నేర్చుకున్నాడు. ఓదెమ్మ రోజూ ఆ గోడ దగ్గరే కూర్చుంది.

పున్నమినాడు ఆమె ఆఖరి మేకను కుడిచేత్తో పెట్టింది. మూడు పులులూ ఇరుక్కున్నాయి. సభంతా భొట్లును చూసింది.

“తప్పేమీ లేదు ప్రభూ. గెలిచింది.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓదెమ్మకు నల్లగుట్టనూ, గవరయ్యకు తన మెడలోని ముత్యాలహారాన్నీ ఇచ్చాడు.

“నీ కడుపు చల్లగుండ తమ్ముడా, మా మేకల కడుపు నింపావు” అని ఓదెమ్మ గవరయ్య చేతులు పట్టుకుంది.

రాజు తానే కుంచె పట్టి, ఆనాటి ఆటను ఎత్తు తర్వాత ఎత్తుగా గోడ మీద దించాడు. కింద ఇలా రాశాడు: “కొత్తగా వచ్చినవారు ముందు ఇది చూడండి. ఓడింది నేనే.”