నడిమి వరుస

అనగా అనగా, ఎండ కూడా దుప్పటి కప్పుకుని వచ్చే ఒక మంచు దేశం. ఆ దేశంలో తరగ అనే కుర్ర నీటికుక్క ఉండేవాడు. ఒక ఏడు వాడి చేతికి ముప్పై తెల్లరాళ్లు వచ్చాయి.

ఆ రాళ్లు వాడివి కావు, పోటీవి. ఏటా చలి ముదరగానే అక్కడి చెరువు గడ్డకట్టేది. హంసల నుంచి ఒకరు, నక్కల నుంచి ఒకరు, నీటికుక్కల నుంచి ఒకరు పాదాలకు నున్నటి ఎముక చెక్కలు కట్టుకుని, ఆ మంచు మీద జారుతూ నాట్యమాడేవారు. గెలిచిన జాతికి చలికాలమంతా వేడినీటి ఊట ఒడ్డున కాపురం. మిగతావారికి బండరాళ్లు, ఎదురుగాలి.

తీర్పు చెప్పేవారూ ముగ్గురే, జాతికొకరు. ఒక్కో ఆటకు పది రాళ్లు మించకుండా వేయాలి. ఆడినవారి పేర ఒక కుండ పెడతారు. ఎవరెన్ని వేశారో తెలియకుండా ముగ్గురూ అందులోనే వేయాలి. ఎవరి కుండలో రాళ్లు ఎక్కువైతే వారిదే గెలుపు. అది తాతల నాటి ఆచారం.

ఆ ఏడు నీటికుక్కల తరఫున తీర్పు చెప్పే పెద్దకు చూపు మందగించింది. "ఈసారి ఎవరు వెళ్తారర్రా?" అంటే ఎవరూ కదల్లేదు. తరగ ఒక్క గంతు వేసి ముందుకొచ్చాడు.

"నేను వెళ్తాను పెద్దయ్యా! లెక్కలంటే నాకు మంచినీళ్ల ప్రాయం."

"లెక్కేముందిరా పిచ్చి సన్నాసీ!" అని మేనత్త పకపకా నవ్వింది. "మన చెలమకు పది, పరాయివాళ్లకు సున్నా. అంతే లెక్క!"

చెలమ తరగకు తోడబుట్టిన చెల్లెలు. ఆ ఏడు ఆడేది ఆమే.

పోటీ జరిగింది. హంసపిల్ల గాలికి రాలిన ఈకలా గిరగిరా తిరిగింది. నక్కపిల్ల రెండుసార్లు చతికిలపడింది. చెలమ చక్కగా ఆడింది గాని, గెంతి దిగుతూ చేయి నేలకు ఆన్చింది. తరగ కళ్లతో చూసినదానికే రాళ్లు వేశాడు. తీరా కుండలు బోర్లిస్తే నక్కలదే గెలుపు!

తరగ ఆ దేశాన్నేలే మంచుచిరుత రాజు దగ్గరకు పరుగెత్తాడు. "ప్రభూ, కుండలో చీకటి ఉంది. ఎవరి రాళ్లు వారు మంచు మీద వరుసగా పేర్చాలి. అందరూ చూడాలి."

"వచ్చే ఏడు అలాగే కానీ" అన్నాడు రాజు.

రెండో ఏడు వరుసలు పేర్చారు. నక్కల తరఫున ఎర్రతోక తాత, ఆటాడిన తన మనవరాలికి పది రాళ్లు పేర్చాడు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. జనం గగ్గోలు పెట్టారు. తాత మీసం దువ్వుకున్నాడు.

"నా కంటికి అలాగే కనిపించింది నాయనా. కన్ను నాది కదా!"

మూడు వరుసలూ కలిపితే మళ్లీ నక్కలే గెలిచాయి. అంతకన్నా ఘోరం, చెలమకు తరగ ఏడు రాళ్లే వేశాడని నీటికుక్కలన్నీ కళ్లారా చూశాయి.

"ఆ నక్క ముసలాడే నయం, తనవాళ్లను చూసుకున్నాడు" అంది మేనత్త.

చలికి నీటికుక్కలు ఒకదాన్నొకటి హత్తుకుని కుప్పగా పడుకుంటాయి. ఆ చలికాలం కుప్పలో తరగకు చోటు లేకపోయింది. ఎటు నుంచి దూరబోయినా ఒక వీపు అడ్డం తిరిగేది. చెలమ అయితే మొహమే చూడలేదు. వాడు బండ చాటున ఒంటరిగా ముడుచుకుని, తనవాళ్ల గురక వింటూ పడుకునేవాడు.

మాట్లాడేందుకు ఎవరూ లేక రాళ్లతోనే మాట్లాడాడు. 'పది వేస్తే కుప్పలో చోటు. ఎంత తేలిక!' అనుకుని పది పేర్చేవాడు. వాడి చేయే మళ్లీ మూడు తీసేసేది. అలా పేరుస్తూ, తీస్తూ ఉండగా వాడికి ఒక ఉపాయం తట్టింది.

మూడో ఏడు ఆటలు ముగిశాయి, రాళ్లు పేర్చారు. కూడబోతుండగా తరగ చేతులు జోడించాడు.

"ప్రభూ, కూడవద్దు. ఒక్కొక్కరి ఆటకు అన్నిటికన్నా పొడుగు వరుస తీసేయండి, అన్నిటికన్నా పొట్టి వరుస తీసేయండి. నడిమి వరుసనే లెక్కపెట్టండి."

"అప్పుడు నీ రాళ్లే పోవచ్చునే?"

"పోనివ్వండి ప్రభూ."

"ఇదెక్కడి లెక్క!" అని ఎర్రతోక తాత ఎగిరిపడ్డాడు. "నా పది రాళ్లు ఏం కావాలి?"

హంసల తరఫున కూర్చున్న ధవళమ్మ మెడ సాచింది. "మా పిల్లకు నేను వేసిన పదీ పోతాయిగా తాతా! తమరు వేసిన ఆ ఒక్క రాయీ పోతుంది. దిగులెందుకు?"

చెరువంతా నవ్వింది. రాజు తల ఊపాడు. నక్కపిల్లకు ఆరు మిగిలాయి. హంసపిల్లకు తొమ్మిది. చెలమకు తరగ ఎనిమిది, ధవళమ్మ ఎనిమిది వేశారు గనుక ఎనిమిదే మిగిలాయి. ఒక్క రాయి తేడాతో హంసలు గెలిచాయి.

ఎర్రతోక తాత కూడా మీసం దించి ఆ తీర్పు ఒప్పుకున్నాడు. కాని నీటికుక్కలు బండల వైపు గొణుక్కుంటూ వెళ్లిపోయాయి. "రారా" అని తరగను పిలిచినవారు లేరు. అందరి రాళ్లూ వాడొక్కడే ఏరుకుంటూ ఉండిపోయాడు.

వెనక మంచు మీద గీరిన చప్పుడైంది. చెలమ. కాళ్లకు చెక్కలు ఇంకా విప్పలేదు.

"అన్నయ్యా" అంది, నేల చూస్తూ. "నిరుడు నువ్వు ఏడు వేస్తే నా మీద అక్కసనుకున్నాను. ఇవాళ ధవళమ్మ కూడా నీ అంతే వేసింది. ఆవిడకు నా మీద అక్కసేముంది? ఆ రెండు రాళ్లూ నేనెక్కడ పోగొట్టుకున్నాను?"

"దిగేటప్పుడు ఎడమ మడమ ముందు ఆనుతోంది. అందుకే తూలుతున్నావు."

"అబద్ధం!"

"మూడేళ్లుగా ఆనుతోంది."

"మరి చెప్పవేం?"

"నువ్వు అడిగితేగా!"

చెలమ ముక్కు ఎగబీల్చింది. చెక్కలు విప్పి వాడి ముందు పడేసింది. "అయితే చేసి చూపించు. పడ్డావో, ఊరంతా చెప్పి నవ్వుతాను."

తీర్పు చెప్పడమే గాని ఏనాడూ ఆడి ఎరుగని తరగ ఆ చెక్కలు కట్టుకున్నాడు. చెల్లెలి భుజం పట్టుకుని లేచాడు. ఎడమ కాలు ముందుకు చాపాడు.

గెలిచినవాడు తీర్పును మెచ్చుకోవడం వింత కాదు. ఓడినవాడు తిరిగివచ్చి తన తప్పేమిటని అడిగేలా చేసేదే అసలైన తీర్పు.