వామని కొలిచిన లోతు

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఒక ఏనుగుల గుంపు ఉండేది.

ఆ గుంపుకు ఒక కట్టుబాటు. వాగు దాటాల్సి వస్తే ముందు దిగేది నాయకురాలు కాదు. పెరిగినవాటిలో అన్నిటికంటే పొట్టిది దిగాలి. దిగి, ముందున్న లోతును తొండంతో కొలవాలి. నాయకురాలు గట్టున నిలబడి "ఎందాకా?" అని అడగాలి. "మోకాలు" అన్నా, "పొట్ట" అన్నా దాటవచ్చు. "చెవి" అంటే మాత్రం మారుమాట లేకుండా వెనక్కి తిరగాలి. నీళ్లు చెవిదాకా వస్తే కాళ్లు నేలను వదిలేస్తాయి. ఆ పైన నడిపించేది వాగే.

ముసలి నాయకురాలు కన్నుమూసే ముందు పెద్ద మనవరాలు శిఖరిణిని పిలిచింది. "గుంపు ఇక నీది. నీ చెల్లెలు వామని పొట్టిది, నీళ్లలో ముందుండేది అదే. దాన్ని నీకు అప్పజెబుతున్నానే," అంది.

శిఖరిణి ఊరికే నాయకురాలు కాలేదు. కొండ దద్దరిల్లేలా ఘీంకరించడం సాధన చేసింది. దారులన్నీ నేర్చుకుంది. పులి ఎదురైతే తనే ముందు నిలబడింది. ఒక్కటే నేర్చుకోలేదు. ఆగడం.

మొదటి వాగు దగ్గర వామని తడిమి తడిమి అడుగేసింది.

"ఎందాకా?"

"ఉండక్కా, చూడనీ... ఆ, పొట్ట!"

గుంపు దాటింది. అవతల మేస్తున్న అడవిదున్న పకపకా నవ్వింది. "ఏమమ్మోయ్! కొండంత దానివి, ఆ మరుగుజ్జు వెనకాలా నీ నడక?"

ఆ మాట శిఖరిణికి ముల్లులా గుచ్చుకుంది.

రెండో వాగులో వామని గట్టిగా అరిచింది. "చెవి! అక్కా, చెవి!"

అవతలి గట్టున లేత వెదురు పచ్చగా ఊగుతోంది. "నీ చెవి నా మోకాలే! పదండి!" అంది శిఖరిణి.

తల్లులు పిల్లల్ని తొండాలతో ఎత్తిపట్టుకున్నాయి. కొట్టుకుపోబోయిన వామనిని శిఖరిణే లాగింది. ఎలాగో అన్నీ గట్టెక్కాయి. అప్పుడు శిఖరిణి అందరి ముందూ నవ్వేసింది. "చూశారా మన చెవులమ్మను! ఈమె మాట వింటే ఆకలితో చచ్చేవాళ్లం."

ఆ పేరు నిలిచిపోయింది. "చెవులమ్మా, గడ్డి మీద మంచు పడింది, దాటమంటావా?" అని గున్నలు కూడా ఏడిపించేవి. వామనీ నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే మాట తగ్గించేసింది.

మూడో వాగు వచ్చింది. పైన ఎక్కడో వాన కురిసినట్టుంది, నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. శిఖరిణికి లోలోపల బెదురు పుట్టింది. ఈసారి నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "ఎందాకా, చెల్లీ?"

వామని తొండం చాచింది. అడుగు అందలేదు. వెనక్కి తిరిగి అక్క వైపు చూసింది. గట్టున ఓ కుర్ర ఏనుగు కిసుక్కున నవ్వింది.

"పొట్ట," అంది వామని.

ఇంకో అడుగు వేసింది. మళ్లీ కనిపించలేదు.

వాగులోకి దూకబోయిన శిఖరిణికి మేనత్త భద్రిక అడ్డం నిలిచింది. శిఖరిణి గొల్లుమంది. "పొట్ట అంది కదత్తా! నాతో అబద్ధమెందుకు చెప్పింది?"

"నిజం ఒకసారి చెప్పింది కదే," అంది భద్రిక. "దానికి నువ్వు పేరు పెట్టావు."

శిఖరిణి మూడు రోజులు గట్టునే నిలబడింది. మేత ముట్టలేదు. గుంపూ కదల్లేదు.

నాలుగో రోజు పొద్దున వరద తీసింది. గుంపంతా మోకాలి లోతు నీళ్లలో నెమ్మదిగా నడిచి అవతలికి చేరింది.

నిజం చెప్పినవారిని నవ్వులపాలు చేసే నాయకుడికి, ఆ నిజం కావలసిన రోజున చెప్పేవారుండరు.