భుజంగరావు గారి సున్నా

పాయలవరం పట్నంలో ప్రభుత్వ భవనాలు కట్టించే భుజంగరావు అనే ఇంజనీరు ఉండేవాడు. తను గీసిన గీత పక్కన ఇంకొకరి గీత కనిపిస్తే ఓర్చుకోలేకపోవడం అతని జబ్బు. మిగతా విషయాల్లో చాలా మంచివాడని అందరూ చెప్పుకునేవారు. లంచం ముట్టడు. సిమెంటు దగ్గర కక్కుర్తి పడనివ్వడు. ఎండలో నిలబడి ఇటుక ఇటుకా చూసుకుంటాడు. మంచివాడనే పేరు ఒకసారి వచ్చిందంటే, దాని నీడన ఎంత మొండితనమైనా చల్లగా బతికేస్తుంది. అతని మొండితనం కూడా అలాగే బతికింది.

పాయలవరం రెండు ఏటి పాయల నడుమ పల్లంలో ఉండేది. అక్కడి ఆడవాళ్ళ ఆస్పత్రి మరీ పల్లం. వానాకాలం వస్తే పురుళ్ళ వార్డులోకి నీళ్ళొచ్చేవి. మంచాల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి కాన్పులు చేసేవారు. ఊరి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. చివరికి కొత్త ఆస్పత్రి మంజూరైంది. కట్టించే పని భుజంగరావుకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. రోడ్లవాళ్ళు, కాలవలవాళ్ళు, భవనాలవాళ్ళు ఇక ఎవరికి వారు గీసుకోకూడదు. అందరి డ్రాయింగులూ ఒకే ఉమ్మడి పద్ధతిలో, ఒకరి కంప్యూటరు ఇంకొకరిది చదవగలిగేలా ఉండాలి. అందరి ఎత్తులూ ఒకే సున్నా నుంచి, అంటే సముద్ర మట్టం నుంచి కొలవాలి. అప్పుడు కట్టబోయే ఇంటిని ఊరి మ్యాపు మీద కూర్చోబెట్టి, దాని కిందనుంచి ఏ కాలవ పోతుందో, దాని గడప దాకా ఏ వరద వస్తుందో పునాది తవ్వకముందే చూసుకోవచ్చు. ఆ మ్యాపు తయారు చేసింది జుబేదా బేగం. మ్యాపుల విభాగానికి ఆమె అధికారి. విమానం నుంచి తీసిన కొలతలతో, వీధి వీధినా తిరిగి సరిచూసిన లెక్కలతో, పట్నంలో ప్రతి చోటూ సముద్రానికి ఎంత ఎత్తున ఉందో, పాత వరదలు ఎంతవరకు వచ్చాయో అందులో పెట్టింది. రోడ్లవాళ్ళు గొణుక్కుంటూనే తమ డ్రాయింగులు పంపారు. కాలవలవాళ్ళు ఆలస్యంగానైనా పంపారు. భుజంగరావు ఆస్పత్రి డ్రాయింగుని ఒక రంగుల కాగితం మీద అచ్చు వేయించి పంపాడు. అది గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది, మ్యాపు మీద కూర్చోబెట్టడానికి మాత్రం పనికిరాదు.

భుజంగరావుకి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ భవనం మొదలుపెట్టినా గేటు దగ్గర ఒక రాయి పాతించి, దాని ఎత్తు పది మీటర్లు అనుకునేవాడు. పదే ఎందుకంటే, లెక్క తేలికని. గచ్చు ఆ రాయి కంటే మీటరు పైన ఉంటే డ్రాయింగులో పదకొండు అని రాసేవాడు. ఆ పదికీ సముద్రానికీ, పక్కింటికీ, ఎదురుగా ఉన్న కాలవకీ ఏ సంబంధమూ లేదు. లోకంలో ఆ భవనం ఒక్కటే ఉండే మాటైతే అందులో తప్పూ లేదు.

జుబేదా స్వయంగా అతని ఆఫీసుకి వచ్చింది. భుజంగరావు కూర్చోమనలేదు. తన కింది ఉద్యోగుల వైపు తిరిగి, మేడమ్ గారికి ముగ్గుకి చుక్కలు తక్కువైనట్టున్నాయి, మన డ్రాయింగులోంచి నాలుగు అప్పివ్వండి అన్నాడు. అందరూ నవ్వారు. ప్రమోషన్ దగ్గరపడిన వాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు. జుబేదా నవ్వలేదు, వెళ్ళిపోనూ లేదు.

"డ్రాయింగు తర్వాత ఇద్దురు గానీ సార్, మీ రాయి పది మీటర్లు అంటున్నారే, అది ఎక్కడినుంచి పది?"

"పది అంటే పదేనమ్మా. ముప్పై ఏళ్ళుగా ఇదే పదితో కడుతున్నాను. ఒక్క గోడ పడలేదు."

"గోడ పడుతుందని నేనన్లేదు. నీళ్ళు వస్తాయా అని అడుగుతున్నాను. మా వాళ్ళని పంపిస్తే రాయి కొలిచి వెళ్ళిపోతారు, పూట పని."

తన సైటులో ఇంకో ఆఫీసువాళ్ళు కాలు పెట్టడం అనే మాటే భుజంగరావు ఒంటికి కారం రాసినట్టయింది. వీలుపడదన్నాడు. జుబేదా తన పైఅధికారికి చెప్పింది. ఆయన సాంతం విని, భుజంగరావు గారు సీనియరు కదమ్మా, కాస్త సర్దుకుపో అన్నాడు. ఈ దేశంలో ఆడపిల్లకి ఉగ్గుతో పాటు పట్టే మాట అది. బడిలో, బస్సులో, పడకలో, ఆఫీసులో అదే మాట. సర్దుకుపోయిన ఆడదాని గురించి తర్వాత ఎవరూ అడగరు. సర్దుకోవలసిన అవసరం ఎవరు తెచ్చిపెట్టారని ముందూ అడగరు.

తర్వాత ఆస్పత్రి హెడ్ నర్సు ఎస్తేరమ్మ వచ్చింది. పాత వార్డులో మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి కాన్పులు చేసిన మనిషి. కాన్పుల గది, రక్తం దాచే ఫ్రిజ్, జనరేటరు మూడూ మేడ మీదకి మార్చమని, మంచం తోసుకుపోవడానికి ఏటవాలు దారి వెయ్యమని అడిగింది. భుజంగరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సిస్టరూ, నేనెప్పుడైనా మీ దగ్గరికొచ్చి పురుడు ఎలా పొయ్యాలో చెప్పానా?"

"లేదు సార్."

"మరి కట్టడం ఎలాగో మీరు నాకు చెప్పకండి."

ఆ మాట తనకే చాలా నచ్చింది. సాయంత్రం ఇంట్లో కూడా చెప్పి నవ్వుకున్నాడు.

అయినా అతను తెలివితక్కువవాడు కాదు. మర్నాడు ఆఫీసులో ఒంటరిగా కూర్చున్నప్పుడు మనసులో చిన్న పురుగు తొలిచింది. జుబేదా ఎప్పుడో పంపిన మ్యాపు బల్ల మీద టీ గ్లాసు కింద పడి ఉంది. తీసి చూశాడు. ఆస్పత్రి స్థలం దగ్గర వరద మట్టం ఎనిమిది మీటర్లని ఉంది. తన డ్రాయింగు చూశాడు. గచ్చు పదకొండు. పదకొండులోంచి ఎనిమిది తీసేస్తే మూడు. వరద కంటే మూడు మీటర్లు పైన ఉన్నామని అతని ప్రాణం కుదుటపడింది. ఒకణ్ణి నేల మీద, ఇంకొకణ్ణి బల్ల మీద నిలబెట్టి, బల్ల మీదవాడే పొడుగని తేల్చినట్టు ఉంది ఆ లెక్క. జుబేదా ఎనిమిది సముద్రం నుంచి కొలిచింది. అతని పదకొండు అతని రాయి నుంచి పుట్టింది. ఆ రాయి నిజానికి సముద్రానికి ఆరున్నర మీటర్ల ఎత్తునే ఉంది. అంటే అతని గచ్చు ఏడున్నర. వరద వస్తే అర మీటరు నీళ్ళలో.

ఒక్క క్షణం అతనికి అనుమానం వచ్చింది కూడా. ఈ ఎనిమిది ఎక్కడినుంచి ఎనిమిది? చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది. ఫోను చేస్తే ఆవిడే ఎత్తుతుంది. "సార్, నేను అడిగిందీ అదే" అంటుంది. ఆ గొంతు ముందే చెవిలో వినపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వరద మట్టానికి మూడు మీటర్ల పైన ఉంది, అభ్యంతరం లేదు అని ఫైలు మీద సంతకం చేశాడు. తెలియక చేసిన తప్పు అని అతను తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. తెలుసుకోవడానికి చెయ్యి చాచి, తెలుసుకోకుండా వెనక్కి తీసుకున్న మనిషి ఆ మాట అనకూడదు.

ఆస్పత్రి అందంగా తయారైంది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. భుజంగరావుకి శాలువా కప్పారు. మొదటి వానాకాలమే పాయలు రెండూ పొంగాయి.

నీళ్ళు పొద్దున్నే, అందరూ చూస్తుండగానే వచ్చాయి. గేటు దగ్గర రాయి ముందు మునిగింది. మెట్లు మునిగాయి. గచ్చు మీదకి చేరి, కాన్పుల గదిలోకి, జనరేటరు గదిలోకి, రక్తం ఫ్రిజ్ ఉన్న గదిలోకి అడగకుండానే వచ్చేశాయి. కరెంటు పోయింది. ఎస్తేరమ్మా, ఆయాలూ, బాలింతల తల్లులూ కలిసి గర్భిణులను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి మేడ మీదకి మోశారు. ఏటి నడుమ లంక నుంచి వచ్చిన మరిడమ్మ మేడ దాకా కూడా ఆగలేకపోయింది. మెట్ల మలుపులో, నాలుగు చీరలు అడ్డం పట్టుకోగా, ఆడపిల్లని కంది. పిల్ల ఏడ్చింది. తల్లికి రక్తం ఆగలేదు. ఎక్కించాల్సిన రక్తం కింద నీళ్ళలో తేలుతోంది. పడవ వచ్చేసరికి మరిడమ్మ చనిపోయింది.

వరద మింగిన బాలింత అని పత్రికలు రాశాయి. వరదకి నోరు లేదు కాబట్టి ఖండించలేదు. నాయకులు ప్రకృతి ముందు మనిషెంత అన్నారు. ఆడవాళ్ళు చచ్చినప్పుడల్లా మగవాళ్ళకి ఇంత వేదాంతం ఎక్కడినుంచి ఊరుతుందో తెలియదు.

నీళ్ళు తీశాక భుజంగరావు ఆస్పత్రి చూడడానికి వచ్చాడు. గోడ మీద బురద గీత అతని మోకాళ్ళ దాకా ఉంది. ఎస్తేరమ్మ చీపురుతో బురద నెడుతోంది. పని ఆపలేదు.

"మూడు మీటర్లు పైనే ఉన్నామని రాశారట కదా సార్. ఆ మూడు మీటర్లు ఎక్కడున్నాయో చూపించండి. మరిడమ్మని అక్కడ పడుకోబెట్టేవాళ్ళం."

అతను గీత వైపు చూశాడు. ఆమె వైపు చూడలేకపోయాడు. మర్నాడు విచారణ కమిటీ రాబోతోంది. ఆ మధ్యాహ్నం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, మ్యాపుల విభాగం మెట్లు ఎక్కాడు. జుబేదా అతన్ని కూర్చోమంది. అతను చాలాసేపు వరద గురించి, వయసు గురించి, దగ్గరపడిన రిటైర్మెంటు గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. రెండు ఆఫీసుల మధ్య సమన్వయం కుదరలేదని రాద్దామన్నాడు. అప్పుడు ఎవరి మీదా పడదు.

జుబేదా ఆస్పత్రి డ్రాయింగు ఉమ్మడి పద్ధతిలో ఉందా అని అడిగింది. కమిటీకి చూపించడానికి నిన్ననే తయారు చేయించానంటూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. నీళ్ళు తీయగానే ఆమె మనుషులు రాయి కొలిచి వచ్చారు. ఆమె ఆ కొలత వేసి, ఆస్పత్రిని మ్యాపు మీద కూర్చోబెట్టి, వరదని ఎనిమిదికి పెట్టింది. తెర మీద కింది అంతస్తు గదులన్నీ ఒక్కొక్కటే నీలంగా మారాయి. ఆమె తేనీరు ఇంకా వేడిగానే ఉంది.

"ఇంతేనా?" అన్నాడు భుజంగరావు.

"ఇంతే. ఆరోజు కూడా ఇంతే పట్టేది."

"నువ్వు చిన్నదానివి అమ్మా, ఇంకా చాలా సర్వీసు ఉంది. తప్పు ఇద్దరిదీ అనుకుంటే ఇద్దరికీ గౌరవం."

జుబేదా తెర అతని వైపు తిప్పి ఉంచేసింది.

"కొలత కలుపుకుందాం రమ్మంటే ముగ్గు అన్నారు. ఇప్పుడు తప్పు మాత్రం కలుపుకుందామంటున్నారు. భుజంగరావు గారూ, మీరు ఒక్కరే గీశారు, ఒక్కరే సంతకం చేశారు. ఒక్కరే మొయ్యండి."

ఆమె మర్నాడు కమిటీ ముందు ఆ తెరే చూపించింది. తనను సర్దుకుపొమ్మన్న పైఅధికారి పేరు కూడా చెప్పింది. ఇంత పట్టుదల ఆడవాళ్ళకి మంచిది కాదని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నాడు. ఆ ఆస్పత్రిలో మగవాళ్ళు కనేవాళ్ళైతే ఆ రాయిని మొదటిరోజే కొలిచేవారని, వెనక నిలబడ్డ ఎస్తేరమ్మ అతనికి వినపడేలాగే అంది. భుజంగరావు సంతకం ఇక ఏ డ్రాయింగు మీదా చెల్లకుండా చేశారు. పైఅధికారిని బదిలీ చేశారు. కాన్పుల గది మేడ మీదకి మారింది. ఆ జిల్లాలో ఏ భవనాన్నీ ఉమ్మడి మ్యాపు మీద కూర్చోబెట్టకుండా పునాది తవ్వకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు తీసుకునేదాకా ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఊరుకోలేదు. మరిడమ్మ కూతుర్ని అమ్మమ్మ పెంచుతోంది. భుజంగరావు మంచివాడని పాయలవరంలో ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళు ఉన్నారు.

నీతి: పదిమంది బతికే చోట కొలత పదిమందిదీ కావాలి, నా లెక్క నాదే అని పట్టుబట్టేవాడి అహంకారానికి ప్రాణంతో మూల్యం చెల్లించేది వేరొకరు కాబట్టి, అలాంటివాడితో సర్దుకుపోవడం మంచితనం కాదు, ఆ నేరంలో పాలు పంచుకోవడం.