కంచె బయటి కబుర్లు

కాలువ గట్టు పక్కన ఆదెమ్మ పాక. పాక చుట్టూ ముళ్లకంచె. కంచె లోపల ఒక కోళ్లగూడు, ఒక గేదె, ఒక కుక్క. కంచె దాటితే చెరకుతోట, ఆ తోటలో ఒక నక్క. ఉన్నదంతా ఇంతే. కానీ కుక్క శూరయ్యకు మాత్రం లోకం మొత్తానికి కాపలా తన మెడకే కట్టారని గట్టి నమ్మకం.

రోడ్డు మీద మోటార్‌సైకిల్ పోతే మొరిగేవాడు. కొబ్బరిమట్ట రాలితే మొరిగేవాడు. పక్క ఊరి కుక్క మొరిగితే ఎందుకు మొరిగిందో కనుక్కోకుండానే వంత పాడేవాడు. తనకే తుమ్మొస్తే, ఆ చప్పుడు ఎవరిదా అని లేచి మళ్లీ మొరిగేవాడు. అన్నం నిలబడి, నాలుగు దిక్కులూ చూస్తూ మింగేవాడు. అది అరక్క కడుపులో గడబిడ. పొద్దువాలేసరికి గొంతు పోయి, ఒళ్లు హూనమై, ఎక్కడ కూలబడితే అక్కడే నిద్ర.

ఇంత హడావుడి కాపలా ఉన్నా కోళ్లు మాత్రం ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

రోజూ తెల్లవారగానే నక్క బావ కంచె అవతల హాజరు. ఊళ్ల కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు.

“శూరయ్యా, విన్నావా? కొండకింద ఊళ్లో చిరుత దిగిందట!”

“అయ్యబాబోయ్! ఇటొస్తుందా బావా?”

“రాదని ఎవరు చెప్పగలరు? పైగా జంగుపిల్లి ఒకటి తిరుగుతోంది. మీ కోళ్లను ఎత్తుకుపోయేది అదే. రోడ్డువైపు గేటు దగ్గర కాపు కాయి, కన్ను మూయకు.”

“నువ్వు లేకపోతే నేనేమైపోదునో!”

“ఏదో, నీ మేలు కోరేవాణ్ణి,” అంటూ నక్క మూతి నాక్కునేవాడు. ఆ మూతికి ఇంకా కోడి ఈక అంటుకుని ఉండేది. శూరయ్య అది చూస్తే కదా! కళ్లు రెండూ కొండవైపు పెట్టి చిరుత కోసం వెతుకుతుండేవాడు.

నక్క పని తేలిక. మొరుగు రోడ్డువైపు వినిపిస్తే కాలువవైపు దూరేవాడు, కాలువవైపు వినిపిస్తే రోడ్డువైపు. మొరుగు ఆగిందంటే కుక్క సొమ్మసిల్లిందని అర్థం, ఎటైనా దూరొచ్చు. ఇంట్లోవాళ్ల భయం అసలే లేదు. రోజంతా మొరిగే కుక్క కోసం ఎవరు లేచొస్తారు? ఆదెమ్మ మొగుడు చిట్టెయ్యకైతే ఆ మొరుగే జోలపాట.

ఒకనాడు గుడ్లు పెట్టే తెల్లపెట్ట పోయింది. ఆదెమ్మ కొంగు నడుముకు దోపి అరిచింది. “ఏవయ్యా, ఇంకొక్క కోడి పోయిందంటే ఈ కుక్కని సంతకి తీసుకెళ్లి అక్కడే వదిలేసి రా! తిండి దండగ!”

ఆ మాట శూరయ్య చెవిన పడింది. పుట్టి బుద్ధెరిగాక ఈ పాక తప్ప వాడికి ఇంకో చోటు తెలీదు. తోక ఈడ్చుకుంటూ గేదె బూదెమ్మ దగ్గరికి వెళ్లాడు.

“అత్తా, నా పని అయిపోయింది. ఇవాళ్టి నుంచి ఆ కాస్త నిద్రా మానేసి మొరుగుతాను.”

బూదెమ్మ ముందు నోట్లో నెమరు పూర్తి చేసింది. ఆమెకు ఏ పనిలోనూ తొందర లేదు.

“ముందు కూర్చో.”

“కూర్చుంటే ఎలా అత్తా? అవతల చిరుత...”

“నువ్వు చూశావా?”

“నక్క బావ చెప్పాడు.”

“వాడు చూశాడా?”

“వాడికెవరో చెప్పారట.”

“కొండకింద ఊరి చిరుతని చూసుకోడానికి కొండకింద ఊళ్లో కుక్కలు లేవురా?”

శూరయ్య తల గోక్కున్నాడు. ఈ మాట ఇన్నాళ్లూ తోచనే లేదు.

“రేపట్నుంచి అన్నం తిన్నాకే కబుర్లు విను,” అంది బూదెమ్మ. “కూర్చుని, నమిలి తిను. ఎండెక్కాక నాతో కాలువలోకి రా, ఒళ్లు తడుపుకుని ఓ కునుకు తీద్దువు గానీ. చప్పుడైతే వెంటనే నోరు తెరవకు. ఊపిరి నిండా పీల్చి నిన్ను నువ్వే అడుగు, అది కంచె లోపలా, బయటా అని.”

“బయటైతే?”

“బయటివాళ్లు చూసుకుంటారు.”

“అంతేనా? కషాయం, తాయెత్తు, ఏమీ లేవా?”

“అంతే.”

శూరయ్య మొహం ముడుచుకున్నాడు. ఇంత పెద్ద బాధకి ఇంత చిన్న మందు చెబితే ఎవరికైనా అవమానంగానే ఉంటుంది మరి.

అయినా సంత గుర్తొచ్చి మొదలుపెట్టాడు. కొబ్బరిమట్ట రాలింది. చటుక్కున లేచాడు.

“లోపలా, బయటా?” అంది బూదెమ్మ.

“బ... బయటే.”

“కూర్చో.”

మోటార్‌సైకిల్ పోయింది. శూరయ్య మొరుగు మింగేశాడు. అది గొంతులో అడ్డంపడి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చుక్కలపెట్ట గూట్లోంచి తల బయటపెట్టి, “ఈ ఎక్కిళ్లకంటే ఆ మొరుగే నయం కదమ్మా!” అంది. కోళ్లన్నీ పకపకా నవ్వాయి. కానీ రోజులు గడిచేకొద్దీ ఎక్కిళ్లు తగ్గాయి, అన్నం ఒంటికి పట్టింది, వెంట్రుక నిగనిగలాడింది. మధ్యాహ్నం హాయిగా పడుకోవడంతో పొద్దువాలేసరికి కళ్లు చురుగ్గా ఉండేవి. తమాషా ఏమిటంటే, నోరు మూసుకున్నాక వాడికి చెవులు బాగా వినపడసాగాయి.

నక్క బావ ఎప్పటిలాగే కబురు పట్టుకొచ్చాడు. “శూరయ్యా! కాలువలో మొసలట!”

“తింటున్నాను బావా. తర్వాత చెప్పు.”

“కబురు వేడిగా ఉండగానే వినాలయ్యా!”

“బూదెమ్మత్త ఏదైనా చల్లారాకే ముట్టుకోమంది.”

నక్క కాసేపు కాచుకున్నాడు. శూరయ్య తిన్నాడు, ఒళ్లు విరుచుకున్నాడు, గేదె వెనకాల అదే కాలువలోకి దిగి, మొసలి ఊసే లేకుండా మునకలేశాడు. నక్కకు తల కొట్టేసినట్టయింది.

ఆనాటి నుంచి పాపం నక్క బతుకు తారుమారైంది. చెరకుతోటలో చెవులు నిక్కించుకుని కూర్చునేవాడు. ఏ వైపునుంచీ మొరుగు లేదు! కుక్క గేటు దగ్గరుందా, గూడు దగ్గరుందా? పడుకుందా, పడుకున్నట్టు నటిస్తోందా? ఆలోచించి ఆలోచించి నక్కకు నిద్ర పట్టడం మానేసింది. చెరకాకు కదిలితే ఉలికిపడేవాడు. దొరికిన ఎలుకను కూడా నిలబడి, నాలుగు దిక్కులూ చూస్తూ మింగేవాడు.

చివరికి ఒక మునిమాపు వేళ ఆకలి ఆగక బయల్దేరాడు. “ఇంత చప్పుడు లేకుండా ఉన్నాడంటే సొమ్మసిల్లి పడుంటాడులే” అని తనకు తానే ధైర్యం చెప్పుకుని కాలువవైపు కంచెలో దూరాడు. కప్ప నీళ్లలోకి దూకింది. నక్క నేలకు కరుచుకుపోయాడు. కాసేపటికి లేచి, గూటి తలుపులోకి మూతి పెట్టాడో లేదో, పైన కప్పు రేకుల మీద ఎండు కొబ్బరిమట్ట ధడాలున పడింది.

“అమ్మో! చిరుత!” అని నక్క బావ గొంతు చించుకున్నాడు.

గూటి వెనకే పడుకున్న శూరయ్య కన్ను తెరిచాడు. ఊపిరి నిండా పీల్చాడు. ఆ కేక కంచె లోపలే. సందేహం లేదు. అప్పుడు మొరిగాడు చూడండి, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది!

“శూరయ్య మొరిగాడేవ్!” అని చిట్టెయ్య దుడ్డుకర్ర పట్టుకుని, ఆదెమ్మ రోకలి పట్టుకుని పరుగున వచ్చారు. నక్క వీపు మీద కర్ర విరిగింది. కంచెలోంచి దూరి పారిపోతుంటే సగం తోక బొచ్చు ముళ్లకే మిగిలిపోయింది. ఆదెమ్మ కోళ్లను తడిమి తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఆ పూట శూరయ్య పళ్లెంలో అన్నంతో పాటు చేపల పులుసు పడింది. వాడు కూర్చుని, నమిలి నమిలి తిన్నాడు. సంత మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు కాలువ అవతలి గట్టు మీద నక్క కుంటుతూ కనిపించాడు.

“బూదెమ్మత్తా, ఒళ్లంతా దడ. ఏది కదిలినా భయం, కంటిమీద కునుకు లేదు. శూరయ్యకు చెప్పిన మందేదో నాకూ చెబుదూ.”

బూదెమ్మ నెమరు పూర్తి చేసింది.

“నీకు అన్ని మార్పులు అక్కర్లేదురా అబ్బీ. దొంగతనం ఒక్కటి మానెయ్యి.”

అందుకే పిల్లలూ, ప్రతి చప్పుడుకీ ఉలికిపడేవాడు అలిసిపోవడమే గానీ, దేన్నీ కాపాడలేడు.